లిస్టులో లేని చెక్కముక్క

మా అక్క అత్తవారి వంశంలో ఏడు తరాలుగా ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఈ మాట తారాదేవి అత్తయ్య స్వయంగా నాతో చెప్పింది. ఆవిడ చెబుతున్నంతసేపూ హాల్లో ఆవిడ పెద్దకొడుకు చిన్నకొడుకు తలని చెప్పుల ర్యాకుకేసి కొడుతున్నాడు.

“అడ్డం వెళ్ళండి అత్తయ్యా” అన్నాను.

“వాళ్ళు కొట్టుకోవట్లేదే నందూ. మాట్లాడుకుంటున్నారు” అంది ఆవిడ, ఇడ్లీపాత్ర మూత బిగిస్తూ.

నాలుగో మాటకి ర్యాకు విరిగింది. పదకొండు జతల చెప్పులు ఎగిరి హాలంతా పడ్డాయి. ఒకటి ఫ్యాను రెక్కకి తగిలి, రెండు చుట్లు తిరిగి, టీవీ మీద దిగింది. పరాయి దేశంలో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో, పద్నాలుగో అంతస్తు. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. కింద ఎల్.ఆర్.టి. రైలు ఏమీ ఎరగనట్టు మలుపు తిరుగుతోంది.

కొట్టేవాడు శశికాంత్. మా అక్క సుచిత్ర మొగుడు, నాకు బావ. తగిలించుకునేవాడు ఆయన తమ్ముడు మహీధర్, నాకు చిన్నబావ. ముగ్గురం ఒకే కంపెనీ. రైలు తలుపులు తెరిచి మూసే సాఫ్ట్‌వేర్ చేస్తాం. తలుపు ఏమేం చెయ్యాలో రాసే కాయితాలు బావ చూస్తాడు. ఆ రాసింది నిజంగా జరుగుతోందా లేదా అన్నది చిన్నబావ చూస్తాడు, జురాంగ్ ఈస్ట్ దాటాక ఉన్న మా షెడ్డులో, పరీక్షలకోసం నిలబెట్టిన బోగీ మీద. నేను బావ కింద జూనియర్‌ని. ఒకే ఇల్లు, ఒకే కంపెనీ, ఒకే బాత్రూం. ఇన్నాళ్ళూ ఎవరూ చావకపోవడమే వింత.

మంగళవారం ఆ షెడ్డులో బోగీ తలుపు, చిన్నబావ కింద పనిచేసే కొండయ్య కుడిచేతి మీద మూసుకుంది. మూసుకుని, తెరుచుకోలేదు. తెగిన రెండు వేళ్ళూ ఇక అతకవని బుధవారం ఆస్పత్రిలో తేల్చేశారు. రేపు సోమవారం, తొమ్మిదింటికి, తంజోంగ్ పగార్ హెడ్డాఫీసులో విచారణ. విచారణ కాయితంలో ‘కారణం’ అని ఒక గడి ఉంది. సరిగ్గా ఒక మనిషి పేరు పట్టేంత గడి.

“చెయ్యని పరీక్షకి చేశానని సంతకం పెట్టావురా” అన్నాడు బావ, తమ్ముడి కాలరు వదలకుండా.

“నాకొచ్చిన లిస్టులో ఉన్నవన్నీ చేశాను అన్నయ్యా. లిస్టు నీది.” చిన్నబావ తన్నేటప్పుడు కూడా అన్నయ్యా అనే అంటాడు. ఆ ఇంటి మర్యాద అది.

“లిస్టు ట్రేస్ షీట్‌లోంచి వస్తుంది.”

“షీట్ ఎవరిది?”

“షీట్ నాదే. కళ్ళు నీవి కావా? తలుపుకి ఏదన్నా అడ్డం తగిలితే వెనక్కి పోవాలని పసిపిల్లకైనా తెలుసు. నీకొచ్చిన లిస్టులో దానికి పరీక్ష లేకపోతే అడగొద్దూ?”

ఎవరి కళ్ళు ఎవరివో తేలిపోవాలని కాబోలు, చిన్నబావ అన్నగారి ఎడమకంటి మీద ఒక్కటిచ్చాడు. బావ వెనక్కి పడి సోఫా చేతిని వెంటబెట్టుకుని కిందికి వెళ్ళాడు.

ట్రేస్ షీట్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఎడమవైపు, తలుపు ఏం చెయ్యాలో ఒక మాట. కుడివైపు, అది చేస్తోందని చూపించే పరీక్ష, దాని ఫలితం. రెండూ ఒకే వరసలో ఎదురెదురుగా ఉండాలి, పెళ్ళిపీటల మీద జంటలాగా. మా షీట్‌లో అలాంటి జంటలు నాలుగు వందల పన్నెండు. చివర నలుగురి సంతకాలు. చదివినవాళ్ళ సంఖ్య, నా అంచనా ప్రకారం, సున్నా.

అక్క పడగ్గదిలోంచి తడిజుట్టుతో వచ్చి, వంటింట్లోకి వెళ్ళి, ఇనప పెనం తీసుకుని హాల్లోకి వచ్చింది. బావ భుజం మీద ఒకటి, చిన్నబావ వీపు మీద ఒకటి వేసింది. మా అక్కకి పక్షపాతం లేదు.

“ఆ ర్యాకు కోసం మూడు ఆదివారాలు తిరిగాను” అంది.

గుమ్మం గేటు దగ్గర పక్కింటి చైనీస్ ఆంటీ నిలబడి ఉంది. “ఓయ్, సండే మార్నింగ్ లా. వాట్ హాపెన్?”

“కుకింగ్, ఆంటీ” అన్నాను.

“కుకింగ్ సో లౌడ్ ఆ?” అని, విరిగిన ర్యాకునీ, బావ కంటినీ, అక్క చేతిలో పెనాన్నీ చూసింది. చివర చూసిన వస్తువు వల్ల నా మాట నమ్మి వెళ్ళిపోయింది.

*

అందరం ఇడ్లీలకి కూర్చున్నాం. అత్తయ్య వడ్డించింది. బావ కన్ను పనసతొనలా ఉబ్బింది. చిన్నబావ నెత్తిమీంచి కారిన రక్తం చెవి వెనక ఎండిపోయింది.

చిన్నబావ నోట్లోంచి ఏదో తీసి ప్లేటు అంచున పెట్టాడు.

“రాయా? రవ్వ మూడుసార్లు కడిగానే” అంది అత్తయ్య.

“పన్నమ్మా” అన్నాడు చిన్నబావ.

ఆవిడ పన్ను వంక చూసింది, కొడుకు వంక చూసింది. పన్ను పక్కన ఇంకో ఇడ్లీ వేసింది.

“రేపు ఏం చెబుతారు ఇద్దరూ?” అని అక్క అడిగింది.

ఎల్.ఆర్.టి. ఒకటి వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది.

“అది నేను చూసుకున్నాలే” అన్నాడు బావ, చట్నీలోకి చూస్తూ.

“ఏం చూసుకున్నావు?” అన్నాడు చిన్నబావ.

బావ ఇంకో ఇడ్లీ తుంచాడు. చిన్నబావ ప్లేటు పక్కకి జరిపాడు. “అన్నయ్యా, నిన్నే. ఏం చూసుకున్నావు?”

బెల్లు మోగింది. తలుపు తీసింది నేనే. తీసి ఉండాల్సింది కాదని ఇప్పుడనిపిస్తుంది.

కొండయ్య. కుడిచేతికి కొబ్బరికాయంత కట్టు. ఎడమచేతిలో అరటిపళ్ళ సంచి. పనివాళ్ళ డార్మిటరీ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, హాలంతా పడి ఉన్న పదకొండు జతలు చూసి, తనవి మాత్రం గోడవారగా జాగ్రత్తగా సర్దాడు.

“నమస్తే అమ్మా. చిన్నసారుతో ఓ మాట మాట్లాడి పోదామని వచ్చా.”

“రావయ్యా, కూర్చో. ఇడ్లీ తిను” అంది అత్తయ్య.

“తినే వచ్చా అమ్మా.” అతను కూర్చోలేదు. “ఏం లేదు సార్. రేపు తడబడతానేమోనని, మీ ముందర ఓసారి అనుకుందామని. నా తప్పే అని చెప్తా. చెయ్యి పెట్టొద్దన్నా పెట్టానంటా. అంతేగా?”

చిన్నబావ లేచి నిలబడ్డాడు. “ఎవరు చెప్పమన్నారు అలా?”

కొండయ్య బావ వంక చూసి తల దించుకున్నాడు. “పెద్దసారు నిన్న ఫోన్ చేశారు. అట్టా చెప్తే మీ ఉద్యోగం నిలబడుద్దంట. నాకు ఊళ్ళో ఏదన్నా పని చూపిస్తామన్నారు.”

“అలా చెబితే నీ వర్క్ పర్మిట్ పోతుంది కొండయ్యా. ఈ దేశంలోంచి పంపించేస్తారు. మళ్ళీ రానివ్వరు” అంది అక్క.

“తెలుసమ్మా. చిన్నసారు మంచోడు. మొన్న అంబులెన్సులో నా వేళ్ళున్న సంచి ఆయనే ఒళ్ళో పెట్టుకున్నాడు.”

చిన్నబావ వంటింటి కిటికీ దగ్గరికి నడిచాడు. మంచినీళ్ళకనుకున్నాం. బట్టలారేసే వెదురుకర్ర తీశాడు. దాని మీద అత్తయ్య చీర ఇంకా ఉంది. చీరతో సహా వచ్చి అన్నగారి నడుం మీద కొట్టాడు. కర్ర రెండుగా చీలింది. బావ కుర్చీతో సహా గోడకి కొట్టుకున్నాడు. చిన్నబావ చీలిన కర్ర ఆయన గొంతుకి అడ్డంగా పెట్టి గోడకేసి నొక్కాడు.

“నా కోసమా?” అన్నాడు. “నా కోసం ఈ మనిషిని అమ్ముతావా?”

బావ ముఖం ఎర్రబడింది, తర్వాత నీలమైంది. కాళ్ళు నేల మీద జారుతున్నాయి. అక్క చిన్నబావ జుట్టు పట్టుకుని లాగింది. అత్తయ్య మొదటిసారి ఇడ్లీపాత్ర వదిలేసి వచ్చి కొడుకు చేతిని కొరికింది. నేను ఏం చేశానంటే, అరటిపళ్ళ సంచి తీసి భద్రంగా ఫ్రిజ్ మీద పెట్టాను. ఆ సమయంలో నాకు తోచిన వీరోచితమైన పని అదే.

కొండయ్య వాళ్ళిద్దరి మధ్యకి దూరాడు. దూరడానికి అతని దగ్గర మిగిలిన చెయ్యి ఎడమదే. అలవాటు మాత్రం కుడిదాన్ని ముందుకి పంపింది. కర్ర మీంచి చిన్నబావ మోచెయ్యి జారి ఆ కట్టు మీద పడింది.

కొండయ్య అరవలేదు. గట్టిగా గాలి పీల్చాడంతే. కట్టు మీద రూపాయంత ఎరుపు కనిపించింది. చూస్తుండగా సాసరంత అయింది.

చిన్నబావ కర్ర వదిలేశాడు. బావ గోడమీంచి జారి కూర్చుని దగ్గడం మొదలుపెట్టాడు. అక్క పరిగెత్తి తువ్వాలు తెచ్చింది. కొండయ్య కుర్చీలో కూర్చున్నాడు, ఈసారి ఎవరూ చెప్పకుండానే.

“ఆస్పత్రికి పోదాం పద” అన్నాడు చిన్నబావ.

“పోదాంలే సార్. ముందు మీరు కొట్టుకోకండి.”

*

అక్క కట్టు మీద కట్టు కట్టింది. చిన్నబావ కొండయ్య ముందు నేల మీద కూర్చున్నాడు.

“కొండయ్యా, నా ఉద్యోగం సంగతి వదిలెయ్. మొదట్నుంచి చెప్పు. చెయ్యెందుకు పెట్టావు?”

“తలుపు అంచున రబ్బరు ఊడింది సార్. లోపలికి నొక్కుతున్నా. తలుపు రావడం చూశా.”

“చూసి కూడా తియ్యలేదా?”

“తగిలితే ఎనక్కి పోద్దిగా అనుకున్నా. పాత సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే చెక్కముక్క పెట్టేవాళ్ళం గదా. వచ్చి తగిలేది, ఎనక్కి పోయేది. వంద సార్లు చూశా. చెక్కకి పోయింది, చేతికి పోదా అనుకున్నా.”

కొండయ్య ఎడమచేత్తో తువ్వాలు సర్దుకున్నాడు.

“కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినాక ఆ చెక్కముక్క పరీక్ష రాలా. నేనడిగా మిమ్మల్ని. లిస్టులో లేదు, వదిలెయ్ అన్నారు.”

“అన్నాను” అన్నాడు చిన్నబావ. “లిస్టులో లేదు. ఆఫీసువాళ్ళు ఆలోచించే తీసేసి ఉంటారనుకున్నాను.”

గోడ దగ్గర్నుంచి బావ గొంతు గీరుకుంటూ వచ్చింది. “నేను తియ్యలేదు. అడ్డం తగిలితే తలుపు వెనక్కి పోవాలన్న మాట షీట్‌లో ఇప్పటికీ ఉంది. పక్కన పరీక్ష ఉంది. పాస్ అని ఉంది. మంగళవారం నుంచీ చూస్తున్నాను.”

“ఏ పరీక్ష ఉంది?” అన్నాడు చిన్నబావ.

“పరీక్ష నంబరుంది.”

“నంబరు కాదన్నయ్యా. ఆ నంబరు పరీక్షలో ఏం చెయ్యమనుంది?”

బావ గోడ దగ్గర్నుంచి ముందుకి జరిగాడు. “సుచిత్రా, లాప్‌టాప్ తే.”

“చార్జింగ్ లేదు” అన్నాను నేను. అక్క నా వంక చూసింది. “పైగా అప్‌డేట్ అడుగుతోంది. ఆదివారం అప్‌డేట్ పెడితే సోమవారం దాకా లేవదట. ముందు ఆస్పత్రికి పోయొద్దాం, పాపం రక్తం.”

నేను పాపం అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. అక్క నన్ను చూస్తూనే లాప్‌టాప్ తెచ్చింది. చార్జింగ్ తొంభై నాలుగు శాతం ఉంది.

బావ ఒక కంటితో చదివాడు. నలభై ఒకటో వరస. ఎడమవైపు: రిపేరు సమయంలో కూడా, అడ్డం తగిలితే తలుపు వెంటనే వెనక్కి తెరుచుకోవాలి. కుడివైపు ఉన్న నంబరు నొక్కితే పరీక్ష తెరుచుకుంది: తలుపు పైన పసుపుదీపం వెలుగుతోందా చూడవలెను. ఫలితం: వెలిగింది. పాస్.

“దీపమా?” అన్నాడు చిన్నబావ.

నలభై రెండో వరస. దీపం వెలగాలన్న మాట పక్కన గంట మోగే పరీక్ష. గంట మాట పక్కన తాళం పరీక్ష. బావ కిందికి జరుపుతూనే ఉన్నాడు. నాలుగు వందల పదకొండు దాకా ప్రతి మాటా తన పక్కన ఉండాల్సిన పరీక్షని వదిలి, కిందివాడి పరీక్షతో కాపురం చేస్తోంది. చిట్టచివరి మాట పక్కన గడి ఖాళీ.

“కుడివైపంతా ఒక్క మెట్టు పైకి జరిగింది” అన్నాడు బావ. “చెక్కముక్క పరీక్ష అసలు షీట్‌లోనే లేదు. అది పోయింది కాబట్టే మిగతావన్నీ పైకొచ్చాయి.”

“ఆ ఒక్కటీ చేసుంటే, కొత్త సాఫ్ట్‌వేర్‌లో తలుపు వెనక్కి పోవట్లేదని మొదటిరోజే చెక్కముక్క చెప్పేది” అన్నాడు చిన్నబావ. “ఎప్పుడు పోయింది?”

బావ పాత మార్పుల జాబితా తెరిచాడు. “మే పద్నాలుగు. సాయంత్రం ఐదూ ఇరవై. చేసినవాళ్ళు…” అని ఆగాడు. “నా లాగిన్.”

చిన్నబావ చెయ్యి మళ్ళీ కాలరు మీదికి వెళ్ళింది. “అయితే నువ్వే.”

“కొట్టరా. కానీ ఆ రోజు ఐదింటికి నేను తంజోంగ్ పగార్‌లో కస్టమర్ ముందు నిలబడి ఉన్నాను. లాప్‌టాప్ ఇంట్లోనే వదిలి వెళ్ళాను. పాస్‌వర్డ్ ఇచ్చి, గడులకి రంగులు వెయ్యమని…”

వాక్యం పూర్తి చెయ్యలేదు. అవసరం లేకపోయింది. ఒక కన్ను వాచినవాడు, ఒక పన్ను ఊడినవాడు, ఇందాక పెనం పట్టుకున్న అక్క, అత్తయ్య, వరసగా అందరి తలలూ నా వైపు తిరిగాయి.

“ఎండకి లాప్‌టాప్‌లు అలా చేస్తాయట” అన్నాను. “జపాన్‌లో ఒకతను…”

అక్క కొట్టింది. పెనంతో కాదు, చేత్తో. నా దవడ లోపల ఏదో కదిలింది. రెండోసారి చెయ్యెత్తింది. బావ లేచాడు, ఆపడానికి కాదు. చిన్నబావ విరిగిన కర్ర ముక్క ఇంకా తీసెయ్యలేదని అప్పుడు గమనించాను.

“కొట్టకండమ్మా” అన్నాడు కొండయ్య. “చెప్పనీండి. ఆ పాపకి ఏదో తెలుసు.”

కుర్చీలోంచి నన్నే చూస్తున్నాడు. కోపంగా చూసినా బాగుండేది. తువ్వాలు మీద కూడా ఎరుపు పైకి వచ్చేసింది.

“ఊళ్ళో మా ఇంటిది అంకమ్మకి ఇంకా చెప్పలేదమ్మా నేను” అన్నాడు. “కుడిచేతికి చీమలు కుట్టినయ్యని చెప్పి, ఎడంచేత్తో ఫోన్ పట్టుకుంటున్నా. ఏం జరిగిందో తెలిస్తే చెప్తానని ఉన్నా.”

“నేనే” అన్నాను.

“గట్టిగా చెప్పు” అంది అక్క.

“నేనే చేశాను. ఆ రోజు షీట్ మధ్యలో ఒక కొత్త మాట ఇరికించాను. ఎడమవైపు మాత్రమే. దాని కింద మాటలన్నీ ఒక మెట్టు కిందికి జరిగాయి, నేను చూసుకోలేదు. చెక్కముక్క పరీక్ష నా మాటకి ఎదురుగా మిగిలింది.”

“ఏం మాట?” అన్నాడు బావ.

నా నోట్లో రక్తం ఉప్పగా ఉంది.

“తలుపు మూసుకునేముందు శశికాంత్ గారి ముక్కు అడ్డం లేదని రూఢి చేసుకోవలెను.”

బావ ముక్కు నిజంగానే పెద్దది. ఆ మాట రాసినప్పుడు నేను ఈ సోఫాలోనే ఒక్కదాన్నే పావుగంట నవ్వుకున్నాను.

“ఎందుకమ్మా?” అన్నాడు కొండయ్య.

“నవ్వుతారని. షీట్ ఎవరైనా చదువుతున్నారో లేదో చూద్దామని.”

“నవ్వారా?”

“లేదు. సాయంత్రం బావ వచ్చే టైముకి భయమేసింది. ఎవరూ చూడకముందే తీసేశాను.” కొండయ్య చేతిని చూడకుండా చెబుదామనుకున్నాను. చూస్తూనే చెప్పాను. “నా మాట ఒక్కటీ తీసేస్తే సరిపోయేది. నేను చెక్కముక్క పరీక్షతో సహా వరస మొత్తం తీసేశాను.”